సాయంత్రానికి వాడిపోయే బొమ్మలు



వేసవి సెలవులు వచ్చాయంటే మా ఇంటి గుమ్మంలోకి మామిడిపళ్ళ వాసన కన్నా ముందు ఒక మాట వచ్చేస్తుంది. "అమ్మమ్మా, ఏం తోచట్లేదు." ఈ మాట అనేది మా మనవడు. వాడికి ఆరేళ్ళు. వాడి అక్కకు తొమ్మిది. ఇద్దరూ హైదరాబాదులో ఏడో అంతస్తులో ఉంటారు. ఏప్రిల్ చివర్లో బడి మూసేస్తే మళ్ళీ జూన్ 12 దాకా తెరవరు కదా, ఇంచుమించు ఏడు వారాలు. అందులో నాలుగు వారాలు నా వాటా. కోనసీమలో మా ఇల్లు, చుట్టూ కొబ్బరిచెట్లు, చేలగట్ల మీద నాలుగైదు తాటిచెట్లు, పెరట్లో ఒక బావి. బావికి ఇనుప వల వేయించాకే పిల్లల్ని పంపమన్నాను.

నేను ముప్పై రెండేళ్ళు ఒకటో తరగతికీ రెండో తరగతికీ పాఠాలు చెప్పాను. అందుకని, పిల్లల్ని ఎలా ఊరుకోబెట్టాలో నాకు తెలుసని చుట్టాలందరికీ ఒక నమ్మకం. నిజానికి నాకు తెలిసిందల్లా, ఊరుకోబెట్టనక్కర్లేదని. ఏం తోచట్లేదన్న పిల్లవాణ్ణి ఓ పావుగంట అలా వదిలేయండి. ముందు నేల మీద దొర్లుతాడు. తరవాత గోడకు కాళ్ళు ఆనించి తలకిందులుగా పడుకుంటాడు. ఆ తరవాత లేచి పెరట్లోకి వెళ్ళి ఏదో ఒక పుల్ల పట్టుకొస్తాడు. ఆ పుల్ల వచ్చాక మన పని మొదలు.

కిందటేడు మాకు ఆ మొదలు ముంజెలతో అయింది. ఒక గెల తెప్పించాం. ముంజెలు తినడం పిల్లలకు ఒకరు నేర్పక్కర్లేదు, బొటనవేలు పెట్టి జుర్రేశారు. తినేసిన బుర్రల్ని వాళ్ళమ్మ చెత్తబుట్టలో వేయబోతే ఆపాను. "వాటితో బండి చేద్దాం" అన్నాను. మనవడు బుర్ర వంకా నా వంకా చూశాడు. "దీనికి ఛార్జింగ్ ఎక్కడ పెడతారు?" అన్నాడు.

ముంజకాయల బండి తెలియని పెద్దవాళ్ళు మన పల్లెల్లో ఉండరు. పట్నంలో పెరిగినవాళ్ళ కోసం చెబుతున్నాను. ముంజెలు తీసేసిన బుర్రలు రెండు, ఇంచుమించు ఒకే ఎత్తువి ఏరుకోవాలి. ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అయితే బండి తిన్నగా పోదు, ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. మూరెడు పొడవు గట్టి కర్రను రెండు కొసలా చెక్కి, అటు ఒక బుర్ర, ఇటు ఒక బుర్ర గుచ్చితే ఇరుసూ చక్రాలూ సిద్ధం. తోయడానికి పిల్లవాడి ఛాతీ దాకా వచ్చే పొడుగు కర్ర కావాలి, దాని చివర పంగ ఉండాలి. ఆ పంగను ఇరుసు మధ్యలో ఆనించి తోసుకుంటూ పరుగెత్తడమే. చెక్కడం, గుచ్చడం మనం చెయ్యాలి. పంగలకర్ర వెతికే పని మాత్రం పిల్లలకు వదిలేయండి. మావాడు ఆ కర్ర కోసం గంటన్నర తిరిగాడు. చెట్టు కింద పడిన ప్రతి కొమ్మనూ ఎత్తి చూశాడు. వేప కొమ్మ మరీ సన్నం, జామ కొమ్మకు పంగ ఉంది కానీ వంకర. ఆఖరికి పొయ్యిలోకి పెట్టిన సరుగుడు పుల్లల్లో దొరికింది. నన్నడిగితే బండి కన్నా ఆ గంటన్నరే గొప్ప ఆట.

మూడో రోజుకు బుర్రలు ఎండి, గుచ్చిన చోట కన్నం వదులై, నడుస్తుండగానే ఒక చక్రం ఊడి కాలవలో పడింది. ఏడ్చాడు. ఓదార్చడానికి నా దగ్గర పెద్ద మాటలేమీ లేవు. "రేపు ముంజెలొస్తాయిరా" అన్నాను. మర్నాడు గెల వచ్చేసరికి వాడు కత్తిపీట పక్కనే గొంతుక్కూర్చుని, ఏ కాయ చక్రానికి పనికొస్తుందో ముందే ఏరుతున్నాడు. నాలుగు వారాల్లో ఐదు బళ్ళు చేశాం. ఐదోదానికి చక్రం ఊడిపోకుండా ఇరుసు కొసలకు అడ్డపుల్లలు గుచ్చాలని వాడే కనిపెట్టాడు. మొదటి బండి ఇనుములా నెలరోజులు ఉండిపోయి ఉంటే ఈ అడ్డపుల్ల సంగతి వాడికి తట్టేది కాదని నా అనుమానం.

కొబ్బరాకు సంగతికొద్దాం. ఒక పచ్చి మట్ట నేల మీద పడిందంటే అందులో వందకు పైగా బొమ్మలున్నట్టే. ఈనె తీసేసిన ఆకు పాయను చిటికెనవేలి లావు నుంచి మొదలుపెట్టి ఏటవాలుగా చుట్టుకుంటూ, ఒకటి అయిపోతే ఇంకొక పాయ కలుపుకుంటూ పోతే బూర అవుతుంది. వెడల్పాటి కొసన ఈనె ముక్కతో గుచ్చి బిగించాలి. సన్నపు కొసలో చిన్న ఆకు ముక్కను మడిచి పీకలా దూర్చాలి. ఊదితే మొదటి రోజు ఎవరికీ మోగదు. పీకను కాస్త నొక్కి, కాస్త లాగి, పెదవుల తడి తగిలాక ఉన్నట్టుండి బర్రుమంటుంది. ఆ క్షణాన పిల్లల మొహం చూడాలి. ఆ తరవాత ఓ రెండు గంటలు మన చెవులు మనవి కావు. ఆకు వాచీ, కళ్ళజోడు, పాము, ఉంగరం ఇవన్నీ మీ ఇంట్లో ఎవరో ఒకరికి వచ్చే ఉంటాయి, అడగండి. మా ఎదురింటి తాతగారు ఎవరితోనూ ఎక్కువ మాట్లాడరు. కొబ్బరాకు పట్టుకుని మా పిల్లలు ఆయన అరుగెక్కితే గంటలో నాలుగు చిలకలు అల్లి ఇచ్చారు.

తాటాకు దొరికే చోట గాలిపంకా చేసుకోవచ్చు. రెండు ఆకు ముక్కల్ని అడ్డంగా ఒకదాని మీద ఒకటి పెట్టి, మధ్యలో తుమ్మముల్లు గుచ్చి, ముల్లును ఒక బెండుకో పుల్లకో దింపితే చాలు. ఎదురుగాలికి పట్టుకుని పరుగెత్తాలి. అపార్టుమెంట్లలో ఉండేవాళ్ళకు తాటాకూ తుమ్మముల్లూ ఎక్కడివంటారా? పాత పెళ్ళి శుభలేఖ అట్ట, గుండుసూది, చీపురుపుల్ల ఉన్నాయి కదా. బాల్కనీలో గాలి మాత్రం మీకే ఎక్కువ వస్తుంది.

ఇప్పుడొక ముఖ్యమైన సరుకు. కుంకుడుకాయలు. తలంటు రోజున కుంకుడు రసం కళ్ళలో పడి కేకలు పెట్టని బాల్యం మన తెలుగువాళ్ళలో ఎవరికీ లేదు. ఆ పగ తీర్చుకునే మార్గం ఉంది. కాయలు చితక్కొట్టి, గింజలు తీసేసి, గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి పిసికితే చిక్కటి నురగ. బొప్పాయి ఆకు కాడ లోపల డొల్లగా ఉంటుంది. జానెడు ముక్క కోసి, కొసల్లోంచి పాలు కారతాయి కాబట్టి బాగా కడిగి, రసంలో ముంచి నెమ్మదిగా ఊదాలి. గట్టిగా ఊదితే తుంపరలే. నెమ్మదిగా ఊదడం ఆరేళ్ళ పిల్లవాడికి ఎంత కష్టమో ఊహించుకోండి. బడిలో ఏడాది పొడుగునా "నిదానం, నిదానం" అని నేను అరిచినా రాని నిదానం ఒక్క బుడగ నేర్పుతుంది. రసంలో చెంచాడు పంచదార కలిపితే బుడగ ఇంకాస్త సేపు నిలుస్తుంది. ఇంకో సంగతి మా మనవరాలు గమనించింది. పొద్దున్నే ఊదిన బుడగ మామిడిచెట్టు దాకా వెళుతుంది, మధ్యాహ్నం ఊదింది గడప దాటకుండానే పగిలిపోతుంది. వేడిగాలికి బుడగ పొరలో నీరు త్వరగా ఆరిపోతుంది కదా మరి. నేను చెప్పలేదు. "బట్టలు కూడా మధ్యాహ్నమే తొందరగా ఆరతాయి కదా అమ్మమ్మా" అని తనే అంది. రసం ఊదాలి గానీ పీల్చకూడదని మాత్రం ముందే గట్టిగా చెప్పండి. అయినా ఒకసారి పీలుస్తారు. ఆ చేదు రుచి చూశాక మళ్ళీ పీల్చరు.

పదకొండు దాటాక బయటకు పంపడం నాకిష్టం లేదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని ఊరికే అనలేదు. నాలుగింటి దాకా ఇంట్లోనే. ఆ వేళకు రంగుల పని పెట్టుకున్నాం. పసుపు నీళ్ళు పూసి ఆరబెట్టిన తెల్ల కాగితం మీద, సబ్బునీళ్ళలో ముంచిన పుల్లతో రాస్తే అక్షరాలు ఎర్రగా వస్తాయి. పెళ్ళిలో పారాణి కలిపేవాళ్ళకు ఈ రహస్యం ఎప్పటినుంచో తెలుసు. పసుపులో సున్నం పడగానే ఎర్రబడుతుంది కదా, సబ్బుదీ అదే గుణం. ఆ ఎరుపు మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్ళీ పసుపే. మందారపు రేకను కాగితం మీద రుద్దితే ఊదా రంగు అంటుకుంటుంది. దాని మీద ఒక పక్క నిమ్మరసం, ఇంకో పక్క సబ్బునీళ్ళు వేసి ఏమవుతుందో మీరే చూడండి, అన్నీ నేనే చెప్పేస్తే ఎలా? బెండకాయను అడ్డంగా కోసి రంగులో అద్దితే పువ్వులొస్తాయి. అంటించే పనులకు కాసిని నీళ్ళలో మైదాపిండి ఉడికించిన జిగురు చాలు. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మలు చేసేవాళ్ళు ముక్కల్ని అతకడానికి చింతపిక్కల పిండిలో రంపపుపొట్టు కలిపిన మక్కు వాడతారు. ఇది చెబితే మా పిల్లలు చింతపిక్కలు దంచి జిగురు చేస్తామని పట్టుబట్టారు. అయింది కూడా, కాకపోతే సగం జిగురు వాళ్ళ జుట్టులో అయింది.

అగ్గిపెట్టెల టెలిఫోను కూడా ఆ మధ్యాహ్నాల్లోదే. రెండు ఖాళీ పెట్టెలు, పది గజాల దారం, దారం జారిపోకుండా లోపల కట్టడానికి మందు గీసేసిన పుల్లలు. దారం బిగుతుగా ఉంటేనే మాట వెళుతుంది, సడలితే పోతుంది. వంటింట్లోంచి హాల్లోకి మాట్లాడుకుంటున్నవాళ్ళు మూల తిరిగి పడగ్గదిలోకి లైను వేయబోయారు. గోడ అంచుకు దారం తగలగానే మాట చచ్చిపోయింది. గోడ మాటల్ని తాగేసిందన్నాడు వాడు. దారం వణుకుతూ మాటను మోసుకెళుతుంది, గోడ తగిలితే వణుకు ఆగిపోతుందని నేను విడమరిచి చెబితే, "అదే కదా నేనన్నది" అన్నాడు.

పిల్లలు ఇలా మాట్లాడడం గురించి చెబుతుంటే, వింటున్నవాళ్ళలో నా ఈడువాళ్ళకు ఇద్దరు గుర్తుకొచ్చి ఉంటారు. రేడియో అన్నయ్య, అక్కయ్య. న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు. 1940లో మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘం మొదలుపెట్టి, 1945లో పిల్లల కోసమే 'బాల' పత్రిక తెచ్చిన దంపతులు. పిల్లల కార్యక్రమమంటే పిల్లల గురించి పెద్దలు మాట్లాడడం కాదు, మైకు ముందు పిల్లలే ఉండాలని వాళ్ళ పద్ధతి. ఆ లెక్కన ఇవాళ ఇక్కడ కూర్చోవలసింది నేను కాదు. కానీ మావాడు మైకు ముందుకొస్తే వేళ్ళు నోట్లో పెట్టుకుంటాడు.

వామనగుంటల చెక్క మా ఇంట్లో ఎప్పుడో చెదలు తినేసింది. కోడిగుడ్ల అట్టతో సరిపెట్టుకున్నాం. వామనగుంటలకు ఇటు ఏడు అటు ఏడు, పద్నాలుగు గుంటలుండాలి. ముప్పై గుడ్ల అట్టలో వరుసకు ఆరే. పన్నెండు గుంటలతోనే ఆడాం, గుంటకు నాలుగు చింతపిక్కలు. లెక్క ప్రకారం ఎన్ని పిక్కలు కావాలో మనవడు వేళ్ళ మీద చెప్పలేక, పన్నెండు కుప్పలు పోసి ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాడు. నలభై ఎనిమిది. బడిలో ఇదే లెక్కకు నల్లబల్ల మీద నేనెంత సుద్ద అరగదీశానో.

వంటింటి పనుల్ని ఆటల్లో ఎందుకు కలపరో నాకర్థం కాదు. ఆవకాయ పెట్టే రోజు కొట్టిన మామిడి ముక్కల్లోంచి జీడి తీసి, టెంకకు అంటుకున్న పల్చటి పొరను ఒలవడం ఎంత మంచి చేతిపని! చెంచా ఇస్తే చాలు, తొమ్మిదేళ్ళ పిల్ల బ్రహ్మాండంగా చేస్తుంది. ముక్కను తడి లేకుండా తుడిచే పని ఆరేళ్ళవాడిది. సగ్గుబియ్యం వడియాలు డాబా మీద పాత పంచె పరిచి, పొద్దున ఏడింటికల్లా పెట్టేయాలి. మనం గుండ్రంగా పెడతాం. మావాడు ఏనుగు పెట్టాడు, బస్సు పెట్టాడు, వాళ్ళ నాన్నను పెట్టాడు. నాన్నను వేయించుకుని తిన్నాం. కాకుల కాపలాకు గొడుగు, మజ్జిగ చెంబు, కొబ్బరాకు బూర.

మే నెలలో ఇంకొక వింత ఉంది. ఏడాదికి రెండు రోజులు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. హైదరాబాదులో మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి. మాకు ఇక్కడ మేలో రెండు మూడు రోజులు ముందే. పన్నెండు గంటల ప్రాంతంలో కొద్ది నిమిషాల పాటు నిటారుగా నిలబెట్టిన గ్లాసుకు నీడ ఉండదు. నెత్తిన తుండుగుడ్డ వేసుకుని అందరం వాకిట్లోకి వెళ్ళాం. గ్లాసు, చెంబు, రోకలి, దేనికీ నీడ లేదు. ఢిల్లీలో ఉన్న వాళ్ళ పెదనాన్న కొడుక్కి ఫోను చేసి నీ గ్లాసుకు నీడ ఉందా అని అడిగారు. ఉంది. ఢిల్లీ కర్కాటక రేఖకు పైన ఉంది కాబట్టి అక్కడ ఏ రోజూ నీడ మాయం కాదు. "మీ ఎండ మంచిది కాదులే" అని మావాడు వాణ్ణి ఓదార్చాడు.

జాగ్రత్తలు మూడే చెబుతాను. మూడేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో చింతపిక్కలు, గవ్వలు, గింజలు ఆట అవగానే లెక్కపెట్టి డబ్బాలో పోయండి, గొంతులో అడ్డం పడితే ప్రాణం మీదకొస్తుంది. రెండు, ఎర్రటి నున్నటి గురివింద గింజలు చూడ్డానికి ఎంత అందమో నమిలితే అంత విషం. ఆముదం, నేపాళం గింజలూ అంతే. వాటిని బొమ్మలకు కూడా వాడనివ్వను. మూడు, నీళ్ళాట అయ్యాక బకెట్టు, తొట్టి బోర్లించండి. పాకే పిల్లకు జానెడు లోతు కూడా ఎక్కువే.

చివరగా బుట్ట సంగతి చెప్పి ముగిస్తాను. ఎండ దండిగా ఉంది కదా అని కాగితపు గుజ్జు బుట్టలు మొదలుపెట్టాం. మా అమ్మ వేసేది వీటిని. పాత కాగితాలు చింపి, రోజూ నీళ్ళు మారుస్తూ మూడు రోజులు నానబెట్టాలి. చింపడానికి పిల్లల కన్నా మంచి పనివాళ్ళు దొరకరు. గుప్పెడు మెంతులు రాత్రి నానేసి, పొద్దున కాగితంతో కలిపి మెత్తగా రుబ్బాలి. రోలు లేకపోతే మిక్సీలో కొద్దికొద్దిగా. నీళ్ళు పిండేసిన గుజ్జును, బోర్లించి తడిగుడ్డ కప్పిన గిన్నె మీద వేలి మందాన అద్దుకుంటూ రావాలి. సగం ఎండాక గిన్నె తీసేసి లోపలి వైపు ఎండకు పెట్టాలి.

మనవడు ఒక మధ్యాహ్నమంతా అద్దాడు. ఒక పక్క మందం, ఒక పక్క పల్చన, అంచు ఎలుక కొరికినట్టుంది. రాత్రి వాడు పడుకున్నాక నాకు నిద్ర పట్టలేదు. టీచరు చెయ్యి కదా, ఊరుకోదు. లేచి వెళ్ళి, తడి చేత్తో అంచంతా సరిచేసి, పల్చని చోట గుజ్జు పూసి, చక్కగా నునుపు చేసి పడుకున్నాను. పొద్దున్నే వాడు లేచి దాన్ని చూశాడు. ఏమీ అనలేదు. చుట్టూ తిరిగి మళ్ళీ చూశాడు. "నాది ఎక్కడ పెట్టావ్ అమ్మమ్మా?" అన్నాడు.

ఇదే నీదిరా అన్నాను. కాదన్నాడు. ఏడవలేదు, గొడవ చేయలేదు. దాని దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు, అంతే. ముప్పై రెండేళ్ళలో ఎన్ని నోటు పుస్తకాల్లో ఎన్ని బొమ్మలకు అంచులు దిద్దానో ఆ రోజంతా నాకు గుర్తొస్తూనే ఉన్నాయి. సాయంత్రం వాడి పక్కన కూర్చుని, తప్పు నాదేరా అని చెప్పి, మళ్ళీ కాగితాలు నానేద్దామా అని అడిగాను. కాసేపు ఆలోచించి, "నువ్వు రాత్రి లేవకూడదు మరి" అన్నాడు. ఒట్టు పెట్టించుకున్నాడు.

రెండో బుట్ట మొదటిదాని కన్నా వంకర. నేల మీద పెడితే ఒక పక్కకు ఒరుగుతుంది. ఒక చోట కాగితం మీది అచ్చు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. జూన్‌లో వెళ్ళిపోతూ, దాన్ని ఊరికి తీసుకెళ్ళకుండా నాకే ఇచ్చాడు. నా రేడియో పక్కన పెట్టుకున్నాను. ఒరగకుండా కింద ఒక చింతపిక్క ఆనించాను. మళ్ళీ మే వస్తే ఆ పిక్క ఎందుకు పెట్టావని అడుగుతాడు, జవాబు ఇప్పట్నుంచే వెతుక్కుంటున్నాను.